అర్థమైందా అంటె అయిందంటరు, పేపర్ల మాత్రం ఏం రాయరు

ప్రశ్న: అక్కా, నమస్తే. నేను 2024 డీఎస్సీల వచ్చిన ఫిజికల్ సైన్స్ టీచర్ని. దేవరకొండ దిక్కు ఒక జెడ్పీ హైస్కూల్ల తొమ్మిది, పది తరగతులకు చెప్తున్న. సగం మంది పిల్లలు తండాలకెల్లి వస్తరు. పాఠం అయినంక అర్థమైందా అంటె అందరు ఒక్కసారే అయింది మేడం అంటరు, స్లిప్ టెస్టు పెడితె కాగితం ఖాళీ. ఆలోచింపజేసే ప్రశ్నలు అడగాలని ట్రైనింగుల చెప్పిండ్రు, నేను కూడ ఎందుకు, ఎట్ల అని అడుగుతున్న, అడిగితే క్లాసంత సైలెంట్. ముందు బెంచిల ఇద్దరమ్మాయిలే చెప్తరు, మిగతావాళ్ళు వాళ్ళ దిక్కు చూస్తరు. ఆఖరికి నేనే చెప్పేస్తున్న. సిలబస్ ఒకదిక్కు తరుముతుంటది, పిల్లలు మాట్లాడితే క్లాస్ కంట్రోల్ లేదంటరేమో అని ఇంకోదిక్కు భయం. వీళ్ళకు బేసిక్సే రావు, ఆలోచన ప్రశ్నలెందుకు అని స్టాఫ్ రూంల అంటున్నరు. నా ప్రశ్నలే మంచిగ లేవా? ఏ క్లాస్ తోని మొదలుపెట్టాలె?
– ఒక కొత్త టీచర్, నల్లగొండ జిల్లా

సమాధానం:

చెల్లె, నీ ప్రశ్నలు మంచిగ లేవా అని అడిగినవు గద, ముందుగాల దానికే చెప్త. ఎందుకు, ఎట్ల అని అడిగే టీచర్ దొరకడమే ఆ పిల్లలకు పెద్ద సంగతి. ప్రశ్నల్ని జర మెరుగు చేసుకోవచ్చు, ఆ ముచ్చట తర్వాత మాట్లాడుకుందాం. అసలు ఇబ్బంది ప్రశ్న అడిగినంక జరిగే దాంట్ల ఉన్నది. నువ్వే రాసినవు, ఆఖరికి నేనే చెప్పేస్తున్న అని. ఆ సంగతి పిల్లలు జూన్ నెలలనే కనిపెట్టి ఉంటరు. తలకాయ కిందికేసుకొని జరసేపు కూసుంటె ముందు బెంచి అమ్మాయిల్ల ఎవరో ఒకరు చెప్తరు, వాళ్ళు చెప్పకుంటె మేడమే చెప్తది, చెప్పి నోట్స్ కూడ రాయిస్తది, ఇగ మనం కష్టపడి ఆలోచించుడు దేనికి అని వాళ్ళ లెక్క. ఆ లెక్క తప్పాలంటె నువ్వు చేసేది మారాలె.

అమెరికాల మేరీ బడ్ రో అని ఒక సైన్స్ ఎడ్యుకేషన్ పరిశోధకురాలు ఉండె. ఆమె క్లాసులల్ల పాఠాలు టేపుల రికార్డు చేయించి, టీచర్ ప్రశ్న అడిగినంక ఎంతసేపు ఆగుతున్నరు అని కొలిచింది. 1974ల ఆమె అచ్చేసిన వ్యాసంల ఉన్న సంగతేందంటె చాలామంది టీచర్లు ఒక సెకను మించి ఆగుతలేరు, ఆలోపల జవాబు రాకుంటె ఇంకొకరిని అడుగుతున్నరు లేకుంటె ప్రశ్ననే మారుస్తున్నరు. అదే టైంని మూడు సెకన్లు దాటించినప్పుడు పిల్లల జవాబులు పొడుగైనయి, తెలవదు అనేటోళ్ళు తగ్గిండ్రు, చదువుల ఎనకబడ్డరు అనుకున్న పిల్లలు కూడ నోరు విప్పిండ్రు, పిల్లలు ఎదురు ప్రశ్నలడుగుడు పెరిగింది. రూపాయి ఖర్చు లేదు, టీఎల్ఎం, అంటె బోధన సామాగ్రి, చెయ్యాల్సిన పని లేదు, ఊకె ఆగుడే.

మూడు సెకన్లంటె గంతేనా అనిపిస్తది. నలభై మంది నీ మొఖం దిక్కు చూస్తుంటె నిలబడి చూడు, ఎంత పొడుగుంటదో. మన నోరు ఆగదు. గదే ప్రశ్నను ఇంకో తీరుగ అడుగుతం, ఒక క్లూ ఇస్తం, ఆడికి ఆగక బోర్డు మీద సగం జవాబు రాస్తం. అందుకని పిల్లలకు ముందే చెప్పు, ఇప్పుడు అడిగేది ఆలోచించే ప్రశ్న, నేను చెప్పేదాక ఎవరు చెయ్యి లేపొద్దు అని. అట్ల చెప్తె ముందు బెంచి అమ్మాయిల చేతులు టక్కున లేవవు, ఆ చేతులు లేచినయంటె మిగతా క్లాసంత ఆలోచించుడు బంద్ చేస్తది. నువ్వు మనసుల ఐదు దాక లెక్కపెట్టుకో. ప్రశ్న పెద్దదైతే ఐదు సెకన్లు కూడ ఏం సరిపోతయి, రఫ్ నోట్ బుక్ల రెండు లైన్లు రాయమను, తప్పైనా పర్వాలేదు పేరు కూడ రాయనవసరం లేదను, వాళ్ళు రాస్తుంటె నువ్వు ఎనక బెంచి దాక నడుచుకుంట పోయి ఎవరేం రాస్తున్నరో చూస్తుండు. చెప్పమంటె నోరు తెరవని పిల్లలు రాసిన రెండు లైన్లల్ల మస్తు సంగతులుంటయి. "నువ్వు రాసింది బాగుంది, అందరికి చదివి వినిపిస్తవా" అంటె చదువుతరు, ఎందుకంటే టీచర్ ముందే బాగుందన్నది, ఇంక ఎవరు నవ్వరు అనే ధైర్యం ఉంటది.

ఒక పని చెయ్యి, ఒక పీరియడ్ నీ ఫోన్ల వాయిస్ రికార్డర్ ఆన్ చేసి టేబుల్ మీద పెట్టు, నీ గొంతు వినుడే మనకు కావాలె, వీడియో అక్కర్లేదు. రాత్రి పనులన్ని అయినంక ఒక్కదానివే కూసోని విను. ప్రశ్న అడిగినంక ఎంతసేపు ఆగుతున్నవు, పిల్లలు ఎన్ని మాటల జవాబు చెప్తున్నరు, నువ్వెంతసేపు మాట్లాడుతున్నవు, ఇవే చూడు. ఇది ఎవరికి చూపించేది కాదు, విన్నంక డిలీట్ చేసెయ్యి. ఏ ట్రైనింగుల చెప్పని సంగతులు నీకు అండ్ల దొరుకుతయి.

ఆ రికార్డింగుల ఇంకొకటి తప్పకుండ వినిపిస్తది చూడు. "ద్రవం ఆవిరిగ మారడాన్ని ఏమంటం? బాష్పీ...?" అని మనం ఆగుతం, క్లాసంత "భవనం!" అని అరుస్తది. ఆ అరుపు వింటె క్లాస్ మంచిగ నడుస్తున్నట్టే ఉంటది. కానీ బాష్పీ అన్నంక భవనం అనడానికి సైన్స్ ఏం రానవసరం లేదు, పక్కోడి పెదాలు చూసి కూడ అనొచ్చు. అర్థమైందా అన్నదానికి అయింది అనుడు కూడ గసొంటిదే, కాలేదు అంటె మేడం మళ్ళ మొదటికెల్లి చెప్తది, పక్కోళ్ళు కోపం చేస్తరు, ఇంటర్వల్ పోతది. కాబట్టి అర్థమైందా అని అడుగుడే మానెయ్యి. దాని జాగల ఏదన్న చేసి చూపించాల్సిన చిన్న పని ఇయ్యి.

ఇగ నీ సబ్జెక్టుల నుంచే ఒకటి చెప్త. మా స్కూల్ల తొమ్మిదో తరగతిల బాష్పీభవనం నడుస్తున్నది. ఎండకాలంల కుండ నీళ్ళు ఎందుకు సల్లగుంటయి అని అడిగితే "బాష్పీభవనం టీచర్" అని ఒక్క మాటల జవాబొచ్చింది. సరైన జవాబే. చాలా క్లాసులల్ల ఈడ వెరీ గుడ్ అని ముందుకు పోతం. నేను వెరీ గుడ్ అనకుంట అడిగిన, మరి గదే కుండ, గదే జాగ, వానకాలంల నీళ్ళు అంత సల్లగ ఎందుకుండయి? చాలాసేపు ఎవరు మాట్లాడలే. ఎనక బెంచిలకెల్లి ఒక పిల్లగాడు "వానకాలంల బట్టలే ఆరయి గద టీచర్" అన్నడు. కొంతమంది నవ్విండ్రు. బట్టలకు కుండకు ఏం సంబంధం, నవ్వినోళ్ళే చెప్పుండ్రి అంటె, ఒకమ్మాయి "బట్టల్లకెల్లి నీళ్ళు పోవాలె, కుండ మీదికెల్లి కూడ నీళ్ళు పోవాలె, గాలే తడిగ ఉంటె ఏడికి పోతయి" అన్నది. గాలిల తేమ ఎక్కువుంటె బాష్పీభవన రేటు తగ్గుతది అనే వాక్యం పుస్తకంల ఉంటది, అది వాళ్ళ మాటలల్ల వచ్చేసింది. ఇంక నేను చేసింది ఏం లేదు, ఆ మాట పక్కన పుస్తకం మాట బోర్డు మీద రాసిన.

అక్కడికెల్లి సంగతి ఇంకా మంచిగ అయింది. కుండకు బయటంత ఆయిల్ పెయింట్ ఏస్తె నీళ్ళు సల్లగైతయా, స్టీల్ బిందెకు తడి గోనెసంచి చుడితె అయితయా అని అడుగుకుంట పోయి, చివరికి స్టీల్ గ్లాసుల ఐసు నీళ్ళు పోస్తె బయట చుక్కలొస్తయి గద, అవి ఎక్కడివి అని అడిగిన. ఒక పిల్లగాడు గట్టిగ "కుండ లెక్కనే టీచర్, లోపటి నీళ్ళు బయటికొచ్చినయి" అన్నడు. సగం క్లాసు తలకాయలు ఊపింది. జర ఆలోచించు చెల్లె, ఆ పిల్లగాడు తప్పు చెప్పిండు గానీ ఆ తప్పు నిద్రల చెప్పింది కాదు. పది నిమిషాల కింద కుండకు సన్నటి రంధ్రాలుంటయి, నీళ్ళు బయటికొస్తయి అని నేర్చుకున్నడు, నేర్చుకున్నదాన్ని గ్లాసుకు వాడిండు. ఆలోచించుడంటె గదే. తప్పు, కూసో, అది సాంద్రీకరణం అని చెప్తె వాడు సాంద్రీకరణం అని పరీక్షల రాస్తడు, మనసుల మాత్రం గ్లాసు కారుతుందనే ఉంటది.

అందుకని తప్పనలేదు, ఒప్పనలేదు. "నువ్వన్నట్టే లోపటి నీళ్ళే బయటికొస్తె, గ్లాసుల ఎర్ర రంగు నీళ్ళు పోసినప్పుడు బయట చుక్కలు ఏ రంగులుండాలె?" అన్న. ఎర్రగుండాలె అన్నడు. ఐతే చేద్దామన్నం. కిరాణ దుకాణం ఫ్రిజ్జుకెల్లి ఐసు తెచ్చి, నీళ్ళల్ల ఎర్ర సిరా కలిపి గ్లాసు మీద మూత పెట్టి టేబుల్ మీద ఉంచినం, చుక్కలు పట్టినంక తెల్ల కాగితం తోని తుడిచి చూస్తె కాగితం తడిసింది గానీ ఎర్రగ కాలేదు. అప్పుడు ఆ పిల్లగాడే అడిగిండు, "మరి ఈ నీళ్ళు ఏడికెల్లి వచ్చినయి టీచర్?" అని. ఆ ప్రశ్న నేను అడిగితే పాఠం, వాడు అడిగిండు కాబట్టి వాడికి జవాబు కావాలె. ఆ రోజు గాలిల నీటి ఆవిరి గురించి నేను చెప్పిన నాలుగు ముక్కలు ఎంత శ్రద్ధగ విన్నరో చెప్పలేను.

దీంట్ల నీకు పనికొచ్చే సంగతి, జవాబు వచ్చినంక కూడ ఆగాలె. మేరీ బడ్ రో కొలిచిన దాంట్ల రెండు ఆగుడులు ఉన్నయి, ఒకటి ప్రశ్న అయినంక, రెండోది పిల్లవాడు జవాబు ఆపినంక. రెండోదాన్ని మనం అసలే పట్టించుకోం. పిల్లవాడు ఒక వాక్యం చెప్పి ఊపిరి తీసుకుంటడు, అంతల్నే మనం వెరీ గుడ్ అంటం, వాడు చెప్పబోయే రెండో వాక్యం అక్కడ్నే పోతది. జర ఆగితే వాడే "అంటె టీచర్..." అని మొదలుపెడతడు. ఆగి, తర్వాత అడిగే మాటలు కూడ పెద్దవి అక్కర్లేదు. ఎట్ల తెలిసింది? ఈ మాటకు ఇంకెవరన్న కలుపుతరా? కాదు అనేటోళ్ళు ఉన్నరా, ఎందుకు కాదంటున్నరు? ఆమె ఏం చెప్పిందో నీ మాటలల్ల చెప్పు. ఇవే తిప్పి తిప్పి వాడుకోవచ్చు. ఒకటి మాత్రం గుర్తుంచుకో, ఎట్ల తెలిసింది అని తప్పు జవాబుకు మాత్రమే అడిగితే పిల్లలు వారంల పట్టేస్తరు, టీచర్ ఎందుకు అన్నదంటె మనం తప్పు చెప్పినట్టే అనుకొని జవాబు మార్చేస్తరు. ఒప్పు జవాబుకు కూడ అదే మొఖం తోని, అదే గొంతు తోని అడుగు.

ఆ ముందు బెంచి అమ్మాయిల సంగతి. వాళ్ళను ఆపొద్దు, వాళ్ళ ఉషారు చల్లారితే మళ్ళ రాదు. ప్రశ్న అందరికి ఏసి, ఆగి, ఆ తర్వాత పేరు పిలువు. పేరు ముందు పిలిచి ప్రశ్న తర్వాత అడిగితే పిలవని ముప్పైతొమ్మిది మంది అమ్మయ్య అనుకొని కిటికీల బయటికి చూస్తరు. అందరి పేర్లు చీటీలు రాసి ఒక డబ్బల ఏసి తీస్తె టీచర్ నన్నే కావాలని అడిగింది అనే బాధ ఎవరికి ఉండదు. తెలవదు అంటె నిలబెట్టకు, ఇంకో ఇద్దరు చెప్పినంక మళ్ళ అదే పిల్ల దగ్గరికొచ్చి "ఇద్దరు చెప్పింది విన్నవు గద, నీకు ఎవరిది నిజమనిపిస్తున్నది, ఎందుకు" అని అడుగు. తప్పించుకునే దారి ఉండదు, సిగ్గుపోయే పని కూడ ఉండదు. ముందు బెంచి వాళ్ళిద్దరికి ఇంకో పని ఇయ్యి, పక్కోళ్ళ జవాబు విని దాని మీద ఒక ఎదురు ప్రశ్న తయారు చెయ్యమను. జవాబు చెప్పుడు కన్న అది కష్టం, వాళ్ళకు అది కావాలె.

పిల్లలు ఒక్కసారే క్లాసు ముందల మాట్లాడాలంటె భయపడతరు, ముందు పక్కోళ్ళతోని మాట్లాడనియ్యి. దీన్ని అమెరికాల ఫ్రాంక్ లైమన్ అనే ఆయన 1981ల ఒక పద్ధతిగ చెప్పిండు, ఒక్కరే ఆలోచించుడు, జతగ మాట్లాడుకునుడు, తర్వాత అందరికి చెప్పుడు. హార్వర్డ్ల ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్ 1991ల యూనివర్సిటీ పిల్లలతోనే ఇసొంటిది మొదలుపెట్టిండు, ముందుగాల ప్రశ్నకు ఎవరి జవాబుకు వాళ్ళు ఓటెయ్యాలె, పక్కోళ్ళతోని వాదించుకోవాలె, మళ్ళ ఓటెయ్యాలె. దేవరకొండల దానికి క్లిక్కర్లు (ఓటేసే మీటల మిషన్లు), కంప్యూటర్లు ఏం అక్కర్లేదు. గ్లాసు మీది చుక్కల ప్రశ్ననే బోర్డు మీద రాసి, లోపటికెల్లి వచ్చినయి అంటె ఒక వేలు, గాలిలకెల్లి అంటె రెండు వేళ్ళు, ఐసు పొగ నీళ్ళైంది అంటె మూడు వేళ్ళు, ఎదకు ఆనించి పట్టుకొమ్మను, పక్కోళ్ళకు కనపడొద్దు. ఒక్క చూపుల క్లాసంత ఏం అనుకుంటున్నదో నీకు తెలిసిపోతది. అందరు రెండు వేళ్ళు పెడితె ముందుకు పో, టైం మిగిలింది. వేళ్ళు రకరకాలుగ ఉంటె వేరే వేలు పెట్టినోళ్ళను పక్కపక్కన కూసోబెట్టి రెండు నిమిషాలు కొట్లాడుకొమ్మను. అర్థమైందా అనే మాటకు బదులు ఇది పెట్టుకో.

తండాలకెల్లి వచ్చే పిల్లలు సగం మంది అని రాసినవు. ఈ జతల ముచ్చట వాళ్ళకే ఎక్కువ అవసరం. ఇంట్ల లంబాడి మాట్లాడతరు, బయట తెలుగు, 2022 కెల్లి సర్కారు బడిల ఇంగ్లీష్ మీడియం కూడ వచ్చె, పుస్తకంల ఒకదిక్కు పేజీ ఇంగ్లీష్ ఒకదిక్కు తెలుగు. నువ్వు ప్రశ్న ఇంగ్లీష్ల అడిగి జవాబు ఇంగ్లీష్ల కావాలంటె ఆ పిల్ల ప్రశ్న అర్థం చేసుకోవాలె, ఆలోచించాలె, ఆలోచించినదాన్ని భాషల పెట్టాలె, మూడు పనులు. మధ్యలది ఒక్కటే మనకు కావాల్సింది. జతల మాట్లాడేటప్పుడు లంబాడిల మాట్లాడుకోనియ్యి, నీకు అర్థం కాకున్నా పర్వాలేదు, క్లాసుకు చెప్పేటప్పుడు తెలుగుల చెప్పమను, ఆ తర్వాత అందరు కలిసి దానికి ఇంగ్లీష్ మాటలు పెట్టుకోవచ్చు. సైలెంటుగ ఉన్నరంటె ఆలోచన లేక అని అనుకోవద్దు, చాలాసార్లు మాట దొరకక ఊకుంటరు. పాలమూరు దిక్కుకెల్లి పనులకు పూణె, ముంబై పోయిన అమ్మనాన్నల తోని తిరిగొచ్చిన పిల్లలకు కూడ ఇదే చెప్త, వాళ్ళకు హిందీనో మరాఠీనో ముందు నోటికొస్తది, రానియ్యి.

ప్రశ్నల తయారీకి వద్దాం. పాఠం మొత్తానికి ఇరవై ప్రశ్నలు రాసుకోకు, పీరియడ్ కు ఒక్కటి చాలు, కానీ అది ఇంటికాడనే రాసుకొని పో, బోర్డు ముందల నిలబడి అప్పటికప్పుడు మంచి ప్రశ్న పుట్టదు. రాసుకున్నప్పుడే పిల్లలు ఏమేం చెప్పొచ్చో, ముఖ్యంగ ఏం తప్పు చెప్పొచ్చో కూడ రాసుకో. గ్లాసు కారుతుందంటరు అని ముందే అనుకుంటె రంగు నీళ్ళు రెడీగ పెట్టుకోవచ్చు.

ఉన్న ప్రశ్ననే తిప్పితే కూడ మంచి ప్రశ్న అయితది. మీ లెక్కల సార్ కు చెప్పు, 8 సెంటీమీటర్ల పొడవు, 4 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న దీర్ఘచతురస్రం చుట్టుకొలత ఎంత అంటె 24 అని చెప్తరు, అయిపోయింది. చుట్టుకొలత 24 సెంటీమీటర్లు వచ్చే దీర్ఘచతురస్రాలు ఎన్ని గీయొచ్చు అని అడుగుమను. చదువు అంతంతమాత్రం వచ్చే పిల్ల కూడ ఒకటన్న గీస్తది, 11, 1 అని ఒకరు, 7, 5 అని ఒకరు, ఇంతల ఎవరో 6, 6 అంటరు, అది చతురస్రం గద దాన్ని లెక్కకు తీసుకోవాల్నా అని కొట్లాట మొదలైతది, అన్నిట్ల దేనికి వైశాల్యం ఎక్కువ అంటె ఇంకా ముందుకు పోతది. అండ్లనే చుట్టుకొలతల అభ్యాసం పది లెక్కలంత అయిపోతది.

సోషల్ల నాగార్జునసాగర్ కు 1955ల పునాది రాయి ఏసిండ్రు, 1967ల కాలువలకు నీళ్ళిడిసిండ్రు అని బట్టీ పట్టిస్తం. డ్యాం మన జిల్లలనే ఉన్నది, ఎడమ కాలువ నీళ్ళ తోని మిర్యాలగూడ దిక్కు వరి పండుతది, మరి గదే జిల్లల మర్రిగూడ, మునుగోడు దిక్కు జనం ఏండ్ల తరబడి ఫ్లోరైడ్ బోరు నీళ్ళు ఎందుకు తాగాల్సొచ్చింది అని అడిగి చూడు. పిల్లలు ముందు నాయకులు పట్టించుకోలే అంటరు, అది కూడ మాట్లాడాల్సిన జవాబే. జర ఆగితే ఎవరో ఒకరు అది ఎత్తు మీద ఉంటది, నీళ్ళు ఎక్కయి అంటరు, అప్పుడు కాలువ నీళ్ళు వాలు మీదనే పారుతయి, సాగర్ నీళ్ళను పుట్టంగండి కాడ మోటర్లు పెట్టి ఎందుకు ఎత్తిపోయాల్సొచ్చింది అనే దాక పోవచ్చు. నీ కెమిస్ట్రీల పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తగ్గించే నల్లగొండ టెక్నిక్ ఉన్నది గద, ఆ పాఠం కూడ ఈడికెల్లి అందుకోవచ్చు. ఆ పిల్లల తాతల మోకాళ్ళు, పండ్లు వాళ్ళు చూసిందే, కాబట్టి ఆ క్లాసుల జర మెల్లగ, మర్యాదగ మాట్లాడాలె, ఎవరి ఇంటోళ్ళ గురించి పేరు పెట్టి అడగొద్దు.

ట్రైనింగుల బ్లూమ్ టాక్సానమీ, అంటె నేర్చుకునుడును మెట్లుగ పేర్చిన పట్టిక, చెప్పి ఉంటరు, 1956ది, 2001ల మార్చిండ్రు, గుర్తుంచుకునుడు కెల్లి సృష్టించుడు దాక ఆరు మెట్లు. అది మంచిదే, నా ప్రశ్నలన్ని ఒక్క మెట్టు మీదనే ఉన్నయా అని చూసుకోవడానికి పనికొస్తది. కానీ ప్రశ్న ముందల ఎందుకు అని పెట్టినంత మాత్రాన అది పై మెట్టు ఎక్కదు. కుండ నీళ్ళు ఎందుకు సల్లగుంటయి అనేదానికి నువ్వు నిన్న నోట్స్ ఇచ్చి ఇయ్యాల అడిగితే అది జ్ఞాపకం ప్రశ్ననే. వానకాలం కుండ గురించి ఎవరు నోట్స్ ఇయ్యలేదు కాబట్టే పిల్లలు ఆలోచించాల్సొచ్చింది. జ్ఞాపకం ప్రశ్నలను చిన్నచూపు కూడ చూడకు, పీరియడ్ మొదట్ల నిన్నటియి ఐదు ప్రశ్నలు టకటక అడుగు, వాటికి ఆగాల్సిన పని కూడ లేదు, తెలిసిన సంగతులు లేకుంట ఆలోచన దేని మీద నడుస్తది.

స్టాఫ్ రూంల బేసిక్స్ రావు అనే మాటకు జవాబు నువ్వు వాదించి చెప్పకు. కానీ నువ్వు నమ్మొద్దు. చదవరాని, రాయరాని పిల్లలు ఉన్నరు, వాళ్ళకు వేరేగ నేర్పాలె, అది నిజమే. గానీ వానకాలంల బట్టలారయి అన్న పిల్లగాడు తప్పులు లేకుంట ఒక పేరా రాయలేడు. వాడు రాయడం నేర్చుకునేదాక ఆలోచించొద్దు అంటె వాడు బడికి దేనికి రావాలె? వాడికి క్లాసుల గౌరవం దొరికింది ఆ ఒక్క మాట తోని, రెండో రోజు నుంచి రాయడానికి కూడ కూసుంటున్నడు.

సిలబస్ భయం అందరికి ఉన్నదే. ఒక ప్రశ్నకు ఐదారు నిమిషాలు పోతయి, పీరియడ్ మొత్తం పోదు. ఆ నిమిషాలు ఎక్కడికెల్లి తేవాలె అంటె నోట్స్ రాయించుడు తగ్గించు, పుస్తకంల ఉన్నదాన్నే బోర్డు మీద రాసి మళ్ళ వాళ్ళతోని రాయించుడు ఎంత టైం తింటదో రికార్డింగుల నీకే వినపడతది. మార్కుల సంగతి కూడ చెప్త, మన సైన్స్ విద్యా ప్రమాణాలల్ల విషయావగాహన తర్వాత రెండోదే ప్రశ్నించడం, పరికల్పన (ఇట్ల అయి ఉండొచ్చు అని ముందే ఊహించుడు) చేయడం. పిల్లలే ప్రశ్నలు రాయాలె, దానికి మార్కులున్నయి. గైడ్లల్ల ఆ ప్రశ్నలు కూడ అచ్చేసి అమ్ముతున్నరు, పిల్లలు ప్రశ్నల్ని బట్టీ పడుతున్నరు, ఇంతకన్న బాధ ఏముంటది. పాఠం మొదలు పెట్టకముందే ఒక కుండ, ఒక స్టీల్ గ్లాసు టేబుల్ మీద పెట్టి జతకు రెండు ప్రశ్నలు రాయమను, గోడకు అంటించు, పాఠం నడుస్తున్నకొద్దీ జవాబు దొరికినవాటిని తీసెయ్యమను, మిగిలినయి ఏందో చివర్ల చూడు. పుస్తకంల ఆలోచించండి, చర్చించండి అనే డబ్బలు ఉంటయి గద, వాటిని దాటేసి పోకు, అవి ఉన్నది ఇందుకే.

క్లాస్ కంట్రోల్ ముచ్చటకు ఒకటే దారి, హెచ్ఎం సార్ కు ముందే చెప్పు. "సార్, నా క్లాసుల రెండు నిమిషాలు పిల్లలు మాట్లాడుకుంటరు, చెయ్యి పైకెత్తితే ఆగుతరు, ఒకరోజు మీరొచ్చి కూసోండ్రి" అని. చెప్పకుంట చేస్తె లొల్లి అంటరు, పిలిచి చూపిస్తె పద్ధతి అంటరు. ఆ చెయ్యెత్తితే ఆగుడు మాత్రం ముందు వారమంత ప్రాక్టీసు చేయించు, అది రాకుంట జతల మాటలు మొదలుపెట్టకు. కాంప్లెక్స్ మీటింగుల, అంటె చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే కాడ, మాట్లాడమంటె ఇప్పుడే ఒప్పుకోకు, పిల్లలు అలవాటు పడనియ్యి.

ఏ క్లాస్ తోని అన్నవు, తొమ్మిది తోని మొదలుపెట్టు. పదో తరగతి పిల్లలకు స్పెషల్ క్లాసులు, టెస్టులు, ఇంటోళ్ళ భయం అన్ని ఉంటయి, వాళ్ళకు ఒకేసారి తీరు మారిస్తె ఇది పరీక్షల వస్తదా టీచర్ అనే అడుగుతరు. వాళ్ళ దగ్గర ఆగుడు ఒక్కటి, వేళ్ళ ఓటు ఒక్కటి, ఈ రెండు చాలు ఈ ఏడాది. తొమ్మిదోళ్ళకు మాత్రం మొదటి రెండు వారాలు ఏం కొత్త పద్ధతి పెట్టకు, ప్రశ్న అడిగి ఐదు లెక్కపెట్టుడే చెయ్యి. మొదటి రోజులు ఇప్పటికంటె ఎక్కువ సైలెంటుగ ఉంటరు, నువ్వే చెప్తవేమో అని చూస్తరు. చెప్పకు. ఎవరు చెప్పకుంటె "సరే, ఇది బోర్డు మీదనే ఉంచుదాం, రేపు ఇంటికాడ ఎవరినన్న అడిగి రాండ్రి" అని బోర్డు మూలకు రాసి ముందుకు పో. ఆ రెండు వారాలైనంక పిల్లలతోని రెండు లైన్లు రాయించు, ఆ కాగితాలు నాలుగైదు, తప్పులు ఉన్నయే ఎక్కువ చూసి, నాకు ఫోటో తీసి పంపు, పేర్లు కనపడకుంట. ఏ తప్పు మీద ఏం ప్రశ్న అడగొచ్చో ఇద్దరం కలిసి చూద్దాం.